మూడో కొలత

ఏప్రిల్ 1, మంగళవారం

సాధించాను. ఇక్కడైనా గట్టిగా రాసుకుంటాను. ఆఫీసులో అయితే వినయంగా తల వంచుకుని నిలబడాలి కదా.

ఒకే చోట, ఒకే వేళ, పక్కపక్కన పెట్టి గాలి పట్టిన రెండు స్టీలు డబ్బాలు ఆవిర్లు కొలిచే మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఒకే అంకె చెప్పాయి. ఇన్నేళ్లుగా ఆ రెండూ తోడికోడళ్లలా ఒకదాని మాట ఇంకొకటి కాదంటూనే ఉన్నాయి. ఆ తగాదాకి కారణం నీళ్లు. గాలితో పాటు లోపలికి వెళ్లే తేమ మిషన్‌లో చేరి లెక్క చెడగొడుతోంది. డబ్బాకీ మిషన్‌కీ మధ్య తేమ లాగే గొట్టం ఒకటి బిగించాను. మూరెడు పొడవు ఉంటుంది, చూడ్డానికి సెలైన్ పైపులాంటిదే. అంతే, తోడికోడళ్లు కలిసిపోయారు.

ల్యాబ్ పెద్దాయన స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏం మంత్రం వేశావమ్మా?" అన్నాడు. "మంత్రం కాదు సార్, గొట్టం" అన్నాను. ఆయన నవ్వాడు. ఆయన నవ్వు వినిపించేసరికి పక్క గదిలో వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు.

ఇంటికొచ్చి చెబితే ఈయన కళ్లజోడు తుడుస్తూ, "రెండు గడియారాలు ఒకే టైము చూపిస్తే ఆ టైము సరైందేనంటావా?" అన్నాడు. కళ్లజోళ్ల షాపు నడిపే మనిషికి గడియారాల గొడవ ఎందుకో. "రెండూ నేను సరిచేసినవైతే సరైందే" అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

స్టాండర్డ్ సిలిండర్ గాలిని గొట్టంలోంచి పంపి చూశాను. అందులో ఏ ఆవిరి ఎంతుందో కంపెనీ వాళ్లే తేల్చి ఇస్తారు. ఎంత పంపానో అంతా ఇవతలికి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. మూడుసార్లు ఒకేలా రానిది అంకె కాదు, పుకారు అని కొత్తగా చేరిన వాళ్లకి నేనే చెబుతుంటాను.

గొట్టంతో పాటు వచ్చిన కాగితం ఇంకా చదవలేదు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తీరిక చూసుకుని చదవాలి.

ఏప్రిల్ 8, మంగళవారం

పిట్ట స్కూలు నుంచి దగ్గుతూ వచ్చింది. దుమ్ము అయి ఉంటుంది.

వదిన పోయాక అన్నయ్య దీన్ని నా ఒళ్లో పెట్టి ఓడ ఉద్యోగానికి వెళ్లినప్పుడు దీనికి సరిగ్గా చెప్పులు వేసుకోవడం కూడా రాదు. ఇప్పుడు పద్నాలుగేళ్లు, పరుగు పందెం తప్ప వేరే ధ్యాస లేదు. ఎనిమిది వందల మీటర్లు. వచ్చే నెల నాలుగున వాళ్ల స్కూలు గ్రౌండ్‌లోనే ఎంపిక పందెం, అందులో గెలిస్తే స్పోర్ట్స్ స్కూల్లో సీటు. ఇంట్లో నడవదు, పరిగెడుతుంది. వంటింట్లోంచి హాల్లోకి రావడానికి కూడా మలుపు దగ్గర ఒంగుతుంది.

"మీ అత్త ఏం చేస్తుంది?" అని స్నేహితురాలు అడిగితే ఇది ఇచ్చిన జవాబు ఈయన నాకు చెప్పి మరీ నవ్వాడు: "గాలిని డబ్బాలో పట్టి, అది మంచిదో కాదో దానికి కాండక్ట్ సర్టిఫికెట్ ఇస్తుంది."

నవ్వినా ఉన్న మాటే. పొద్దున గాలిలో పెట్రోలు, పెయింటు, ఇంకు ఆవిర్లు ఎంత ఉన్నాయో తెలిస్తే, మధ్యాహ్నం ఎండకి అవి ఊపిరితిత్తుల్ని మండించే ఓజోన్‌గా ఎంత మారతాయో చెప్పొచ్చు. ఓజోన్‌ని నేరుగా కొలిచే మిషన్ ఒక్కటే ఉంది, అది ఊరి మధ్యలో మా ఆఫీసు మేడ మీద. పిట్ట స్కూలు ఊరికి ఆ చివర. అటువైపు నా డబ్బాలే దిక్కు. రోజూ మధ్యాహ్నం ఆ స్కూలు కోచ్ మెసేజ్ పెడతాడు: "మేడమ్, ఇవాళ పరిగెత్తించొచ్చా?" నేను జవాబు పెడతాను. నూట యాభై మంది పిల్లలు నా మాట మీద గ్రౌండ్‌లోకి దిగుతారు.

గొట్టం పెట్టినప్పటి నుంచీ రోజూ "పరిగెత్తించొచ్చు" అనే పెడుతున్నాను. అంకెలు తగ్గాయి. ఊరు బాగుపడుతోంది.

ఏప్రిల్ 14, సోమవారం

ఈయన షాపుకి స్కూలు వెనకాల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చాడట. ప్లాస్టిక్ సంచుల మీద అచ్చు వేసే ఫ్యాక్టరీ అది. ఇంకు మార్చారట. పాతది ముక్కు పగిలే వాసన, కొత్తది తియ్యగా ఉంటుందట.

"అందుకే నా అంకెలు తగ్గాయి. చూశారా?" అన్నాను.

"వాసన తగ్గింది అన్నాడా, తియ్యగా ఉంది అన్నాడా?" అని అడిగాడు ఈయన.

"మీరే కదా చెప్పారు, తియ్యగా ఉందని."

"అదే అంటున్నా."

ఈయనతో వాదించడం కన్నా గోడతో మాట్లాడ్డం నయం. గోడ కనీసం ఎదురు ప్రశ్న వెయ్యదు.

ఏప్రిల్ 17, గురువారం

అంకె బాగుంది. పిట్ట దగ్గు అలాగే ఉంది.

ఏప్రిల్ 21, సోమవారం

పిట్టని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "రెండో చుట్టులో ఛాతీ చుట్టూ ఎవరో తాడు బిగించినట్టు ఉంటుంది. గట్టిగా గాలి పీలిస్తే లోపల మండుతుంది" అని చెప్పింది. నాతో ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

డాక్టరు దాని వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, "ప్రాక్టీసు చేసే చోట గాలి ఎలా ఉంటుందమ్మా?" అని నన్ను అడిగాడు.

"చాలా బాగుంటుంది. కొలిచేది నేనే" అన్నాను.

"అలాగా! అయితే గాలి సంగతి వదిలెయ్యొచ్చు" అని నవ్వి, పందెం ముందు కొంతమంది పిల్లలకి భయం ఇలాగే ఊపిరి మీదికి వస్తుందని చెప్పాడు. నోట్లో కొట్టుకునే మందు ఒకటి ఇచ్చాడు. ధైర్యం చెప్పమన్నాడు.

దారి పొడుగునా ధైర్యమే చెప్పాను. "గాలిలో ఏమీ లేదు, అంతా నీ బుర్రలో ఉంది. ముక్కుతో పీల్చు, నోటితో వదులు." అది బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ తల ఊపింది. "సరే అత్తా" అంది. అది ఎదురు చెప్పకుండా ఒప్పుకుంటే నాకెందుకో బాగుండదు.

ఏప్రిల్ 24, గురువారం

మే 5 నుంచి గాలి కొలిచే అన్ని స్టేషన్లలోనూ తేమ లాగే గొట్టం పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. అందులో పద్ధతికి నా పేరే పెట్టారు. పెద్దాయన చదివి వినిపించాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. లోపల మాత్రం గంతులు వేశాను.

పిట్ట ప్రాక్టీసు నుంచి వచ్చి తినకుండా పడుకుంది. అలిసిపోయింది.

ఏప్రిల్ 27, ఆదివారం

ప్రాక్టీసు చూద్దామని గ్రౌండ్‌కి వెళ్లాను. చూడకుండా ఉండాల్సింది. కాదు, ఎప్పుడో వెళ్లాల్సింది. ఏది సరైనదో తెలియదు.

మధ్యాహ్నం ఎండ తెల్లగా ఉంది. ఫ్యాక్టరీ ప్రహరీ గోడ గ్రౌండ్‌కి ఆనుకునే ఉంది, గోడ పైన రెండు పెద్ద ఫ్యాన్లు ఇటువైపుకే తిరుగుతున్నాయి. నిజంగానే తియ్యటి వాసన. బాగా మగ్గిన పళ్ల వాసనలా ఉంది. మొదట బాగుందనిపించింది, కాసేపటికి గొంతు వెనకాల గీరినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్లలు చుట్టు పూర్తిచేసి వస్తూనే మోకాళ్ల మీద చేతులు ఆనించి ఒంగిపోతున్నారు. ఒకరు దగ్గడం మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటున్నారు. పిట్ట ఒక్కతే కాదు. లెక్కపెట్టబోయి మానేశాను.

కోచ్ నన్ను చూసి పరుగున వచ్చాడు. మంచివాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. "ఈ ఏడాది బ్యాచే ఇంత మేడమ్. గాలి ఇంత బాగున్నా ఆయాసమే. ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, స్టామినా ఎక్కడినుంచి వస్తుంది?"

"అవును" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. నా కళ్లలో నీళ్లు దుమ్ము వల్లే అని కూడా అన్నాను. ఆయన అడగలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

కాగితం చదివాను.

గొట్టం గోడ నీటిని ఎలా లాగుతుందో, నీటిలో ఇట్టే కలిసిపోయే ఆవిర్లని కూడా కొంతవరకు అలాగే లాగవచ్చునట. కొత్త ఇంకుల్లో వాడేవి సరిగ్గా అలాంటివే. మా స్టాండర్డ్ సిలిండర్‌లో ఉన్నవి పెట్రోలు సంబంధమైనవి, నీళ్లంటే గిట్టనివి. వాటిని గొట్టం ముట్టుకోదు. అందుకే ఎంత పంపితే అంత వచ్చింది. దొంగని వదిలేసి పక్కింటివాణ్ణి సోదా చేసి ఊరంతా భద్రమని చాటాను.

కాదు. "లాగవచ్చు" అని ఉంది, "లాగుతుంది" అని లేదు. కంపెనీ వాళ్లు రేపు ఎవరైనా కేసు వేస్తారని ప్రతిదీ అలాగే రాస్తారు. పరీక్ష చెయ్యకుండా కంచే చేను మేసిందని నేనెందుకు నిర్ణయించుకోవాలి? ఎంత మేసిందో, అసలు మేసిందో లేదో కొలిస్తే తెలుస్తుంది. కొలవడం నా వృత్తి.

పెద్దాయనకి ఇంకా చెప్పలేదు. అంకె లేకుండా ఏం చెబుతాను?

ఈయన కాఫీ ఇస్తూ, "ఏమైంది, మొహం అలా ఉంది?" అన్నాడు. "ఎలా ఉంది?" అని గయ్‌మన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మే 2, శుక్రవారం

కొత్త ఇంకు ఆవిర్లు తూకం ప్రకారం కలిపి, పొద్దున గాలిలో ఉండేంత తేమ కూడా కలిపి, గొట్టంలోంచి పంపాను.

చేశాను. ఒకసారి చేశాను. ఒకసారి వచ్చింది అంకె కాదు. మూడు కావాలి. గొట్టాన్ని వేడిచేసి, శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలంటే ఒక్కో పరీక్షకి ఒక రోజు పడుతుంది. కలపడంలో నేనే పొరపాటు చేసి ఉండొచ్చు.

పందెం ఆదివారం.

పిట్ట కొత్త బూట్లు వేసుకుని గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూపించింది. అన్నయ్య పంపాడు. కాళ్లకి సరిగ్గా సరిపోయాయి. ఓడ మీద ఉన్న మనిషికి కూతురి కాళ్లు ఎంత పెరిగాయో ఎలా తెలిసిందో!

మే 3, శనివారం

రెండోసారి కూడా అంతే వచ్చింది.

సిరంజి కారుతోందేమో. సిరంజి కారితే రెండుసార్లూ ఒకేలా తక్కువ రావచ్చు. రేపు కొత్త సిరంజితో చేస్తాను. మధ్యాహ్నానికి తేలిపోతుంది.

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనేవాళ్లని చూశాను గానీ, కాళ్లు లెక్కపెట్టడానికి మూడు రోజులు తీసుకునేవాళ్లని నిన్నే చూశాను" అన్నాడు ఈయన. చెప్పేశాను ఈయనకి. అంతా కాదు, సగం. పరీక్ష చేస్తున్నానని చెప్పాను. ఏం వచ్చిందో చెప్పలేదు. నవ్వుతూనే అన్నాడు, కానీ తర్వాత నవ్వు ఆపి, "పిల్లని రేపు ఆపుదామా?" అని అడిగాడు.

దానిమీద గట్టిగానే మాట్లాడాను. మన పిల్లని ఒక్కదాన్నే ఆపి మిగతా వాళ్లని పరిగెత్తనిస్తామా? అది న్యాయమా? అందరినీ ఆపాలంటే అంకె కావాలి. ఏడాది పొడుగునా దీనికోసం ఆ పిల్ల ఒళ్లు హూనం చేసుకుంది. ఒక అనుమానం మీద సీటు పోగొట్టమంటారా? రేపు గొట్టం మంచిదే అని తేలితే దాని మొహం ఎవరు చూస్తారు?

అన్నీ నిజాలే చెప్పాను. ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా ఈయన లేచి షాపుకి వెళ్లిపోయాడు.

పిట్ట వచ్చి నా పక్కన కూర్చుంది. "భయం పోయిందత్తా. నువ్వు చెప్పినట్టు ముక్కుతో పీల్చి నోటితో వదులుతున్నా. గాలి బాగున్నప్పుడు మండుతోందంటే తప్పు నాదే కదా. మంట వచ్చినా ఆగను."

దాని జడ అల్లాను. ఇన్నాళ్లకి అల్లనిచ్చింది.

మే 4, ఆదివారం, పొద్దున

ఇవాళ్టి డబ్బాల అంకె వచ్చింది. రెండూ ఒకే మాట. చాలా తక్కువ. కోచ్ అడిగాడు. "పరిగెత్తించొచ్చు" అని పెట్టాను.

ఆఫీసులో చెల్లే అంకె అదొక్కటే. ఇంకా తేలని అంకెని ఎలా పంపుతాను? మూడో పరీక్ష మిషన్‌లో ఉంది. మధ్యాహ్నానికి తేలుతుంది. పందెం నాలుగింటికి. కావాలంటే అప్పుడు కూడా ఆపొచ్చు.

మే 4, మళ్లీ

ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తడం లేదు.

మే 6, మంగళవారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పిట్ట బతికే ఉంది. ఈ వాక్యం ముందు రాయాలి.

ఆదివారం మూడో పరీక్ష అనుకున్నదానికన్నా ఆలస్యమైంది. కొత్త సిరంజి, కొత్త మిశ్రమం, అన్నీ కొత్తవి. తెర మీద గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పెట్రోలు ఆవిర్లు నిటారుగా లేచాయి. కొత్త ఇంకు ఆవిరి లేవాల్సిన చోట గీత కొంచెం ఉబ్బి పడుకుంది. మూడు వంతుల్లో రెండు వంతులు గొట్టమే మింగింది. శుక్రవారం ఎంతో, శనివారం ఎంతో, సరిగ్గా అంతే. నా జీవితంలో మూడు కొలతలు ఇంత అందంగా కలవలేదు.

కోచ్‌కి ఫోన్ చేశాను. పందెం మొదలయ్యేముందు అందరి ఫోన్లూ సంచిలో వేయించారట, ఆయనది కూడా. ఆటో ఎక్కి వెళ్లేసరికి గ్రౌండ్ గేటు దగ్గర అంబులెన్స్ తిరగడానికి చోటు లేక వెనక్కీ ముందుకీ పోతోంది. ఆ తియ్యటి వాసన అక్కడంతా నిలబడి ఉంది.

"రెండో చుట్టు సగం దాకా తనే ముందుంది మేడమ్" అన్నాడు కోచ్. ఏడుస్తున్నాడు. "పెదాలు నీలంగా అయ్యాయి, ఆగమని అరిచాను. చెయ్యి ఊపింది, ఏం కాలేదన్నట్టు. ఇంకా గట్టిగా పరిగెత్తింది. నాకేం తెలుసు మేడమ్, గాలి బాగుందన్నారు కదా."

ఇంకో ఇద్దరు పిల్లల్ని కూడా చేర్చారు. వాళ్లు నిన్ననే ఇంటికి వెళ్లారు. పిట్ట ఊపిరితిత్తులు లోపల వాచి ఉన్నాయి. నిన్నంతా ఊపిరి అది తీసుకోలేదు, మిషన్ ఇచ్చింది. ఇవాళ పొద్దున ఆ పైపు తీసి మాస్కు పెట్టారు. మళ్లీ పరిగెత్తడం సంగతి అడిగితే డాక్టరు, "ముందు మెట్లు ఎక్కనివ్వండి" అన్నాడు. గాలి సంగతి వదిలెయ్యొచ్చన్న డాక్టరే. నా వైపు చూడకుండా మాట్లాడాడు.

నిన్న ఈ వరండాలోంచే అన్ని స్టేషన్లకీ రాశాను: గొట్టం తీసెయ్యండి, ఏప్రిల్‌లో నేను పంపిన అంకెలు నమ్మకండి, పద్ధతి నాది, తప్పు నాది. తర్వాత పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. "అంటే ఈ నెల పొడుగునా మనం ఆ స్కూలుకి పంపినవి..." అని ఆగిపోయాడు. "అవును సార్" అన్నాను. చేతులు కాలాక ఎన్ని ఆకులైనా పట్టుకోవచ్చు.

మే 8, గురువారం

మాస్కు కాసేపు తీశారు. పిట్ట మాట్లాడింది. గొంతు గీసుకుపోయినట్టు ఉంది.

"సారీ అత్తా" అంది. "గాలి బాగానే ఉంది కదా. నాకే చేతకాలేదు."

అప్పుడు చెప్పాను. గాలి బాగోలేదని చెప్పాను. దాని ఛాతీ చెప్పిందే నిజమని, నా మిషన్ చెప్పింది అబద్ధమని, గొట్టం సగానికి పైగా ఆవిర్లని దారిలోనే తినేసిందని, అది భయం కాదని, దాని తప్పు రవ్వంత కూడా లేదని, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. దాని మొహం విచ్చుకుంది. నిజంగా విచ్చుకుంది. "అయితే నాది వట్టి భయం కాదన్నమాట!" అని ఈయన వైపు చూసి, "విన్నావా మావయ్యా?" అంది. నా చెయ్యి పట్టుకుని ఊపింది.

అక్కడితో ఆగితే బాగుండేది.

"నీకెప్పుడు తెలిసిందత్తా?"

ఆదివారం సాయంత్రం అని చెప్పొచ్చు. మూడో కొలత వచ్చింది ఆదివారం సాయంత్రమే. రూల్ ప్రకారం నాకు తెలిసింది అప్పుడే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"శుక్రవారం" అన్నాను.

"మరి ఆదివారం పొద్దున కోచ్ సార్‌కి మెసేజ్..."

"నేనే పెట్టాను."

ఎందుకని అడుగుతుందనుకున్నాను. మూడుసార్లు చెయ్యాలి, రెండు చాలవు, అని చెప్పడానికి లోపల అంతా సిద్ధం చేసుకున్నాను కూడా. అది అడగలేదు. నా చేతిలోంచి తన చెయ్యి మెల్లిగా తీసుకుంది. విసురుగా కాదు. నర్సు మాస్కు తెచ్చినప్పుడు నేను లేచి పెట్టబోయాను. "నేను పెట్టుకుంటా" అని తనే పెట్టుకుంది.

మే 9, శుక్రవారం

అన్నయ్య ఫోన్ చేశాడు. పిట్ట మాట్లాడింది. నా గురించి ఏమీ చెప్పలేదు. నేనే చెప్పాను, మొదటి నుంచీ.

మే 17, శనివారం

పిట్టని ఇంటికి తెచ్చాం. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. ఈయన ఆగిన చోటల్లా ఏదో జోకు వేశాడు, తను కూడా అలిసిపోయినట్టు నటిస్తూ.

ఫ్యాక్టరీ ఫ్యాన్లు ఆపించారు. గొట్టం తీసేశాక తోడికోడళ్లు మళ్లీ తగువులాడుతున్నాయి. ఆ తగువు మధ్యలో నిజం ఎక్కడుందో ఓపిగ్గా వెతుక్కుంటున్నాను. కొలత ఇప్పుడు మునుపంత అందంగా లేదు, కానీ సరైంది. ఇవాళ శనివారమైనా పొద్దునే వెళ్లి ఇవాళ్టిది చూసి వచ్చాను. గాలి నిజంగా బాగుంది. చాలా రోజుల తర్వాత నిజంగా బాగుంది.

సాయంత్రం పిట్ట కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కింద వీధిలో పిల్లలు బంతి ఆడుతున్నారు. కాసేపు చూసి, "కిటికీ తెరవొచ్చా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. అది ఈయన వైపు తిరిగి ఉంది.

"మావయ్యా, నువ్వోసారి బయటికెళ్లి పీల్చి చూసి చెప్పవా?"

ఈయన నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లాడు. వీధిలో నిలబడి, పిల్లలు నవ్వుతుంటే, గట్టిగా గాలి పీల్చి కిటికీ వైపు చెయ్యి ఊపాడు. అప్పుడు తనే లేచి కిటికీ తెరుచుకుంది.

ఇవాళ్టి అంకె నా దగ్గర ఉంది. నన్నెవరూ అడగలేదు.